తీసిన నీళ్ళే మళ్ళీ పోయించాను: ఒక న్యూట్ కేసు

నేను ఉత్తర టెక్సాస్‌లో ఒక పెంపుడు జంతువుల క్లినిక్‌లో డాక్టర్ని. కుక్కలూ పిల్లులూ పోగా వారానికి నాలుగైదు వేరే ప్రాణులు వస్తాయి. తాబేళ్ళు, చిలకలు, ఎప్పుడైనా ఒక సాలమాండర్. తిరుపతిలో వెటర్నరీ చదివిన రోజుల్లో గేదె పొదుగువాపు గురించి నిద్రలో లేపి అడిగినా చెప్పేదాన్ని. న్యూట్ అంటే ఏమిటో మాత్రం ఇక్కడికి వచ్చాకే తెలిసింది. ఈ కేసులో నేను రెండుసార్లు తప్పటడుగు వేశాను. రెండోది ఊరి నుంచి వెంట తెచ్చుకున్న అలవాటు వల్ల వేసింది. మన ఇళ్ళలో చాలామందికి అదే అలవాటు ఉంటుంది కాబట్టి రాస్తున్నాను. ఇంటివాళ్ళు ఒప్పుకున్నారు. వాళ్ళను గుర్తుపట్టే వివరాలు తీసేశాను.

నేపథ్యం

తెలుగు కుటుంబం. పదకొండేళ్ళ పిల్లాడు పెంచుకుంటున్న జపాన్ ఎర్రపొట్ట న్యూట్, ఆడది, వయసు నాలుగేళ్ళ పైచిలుకు. చూడ్డానికి తడిసిన బల్లిలా ఉంటుంది కానీ బల్లి కాదు, సాలమాండర్లలో ఒక రకం, కప్పకు చుట్టం. వీపు నల్లటి గోధుమరంగు, పొట్ట నిప్పురంగు, దాని మీద నల్లమచ్చలు. చర్మంలో టెట్రోడోటాక్సిన్ అనే విషం ఉంటుంది, కొన్ని సముద్రపు చేపల్లో ఉండేదే. ముట్టుకుంటే ఏమీ కాదు, చేతులు కడుక్కోకుండా నోట్లో పెట్టుకోకూడదు, అంతే. బాగా చూసుకుంటే ఇరవై ఏళ్ళు దాటి బతుకుతుంది.

జపాన్‌లో దీన్ని ఇమోరి అంటారు. ఆ పేరు రాసే అక్షరాలకు అర్థం బావిని కాచేది. ఇంటి బల్లిని యమోరి అంటారు, ఇంటిని కాచేది. ఈ కేసు చివరికి వచ్చాక ఆ పేరు గుర్తొచ్చి నవ్వుకున్నాను. ఎందుకంటే ఈ కుటుంబం అంతకుముందు మూడేళ్ళు ఇదే రాష్ట్రంలో ఒక చిన్న ఊళ్ళో, బోరు నీళ్ళ ఇంట్లో ఉంది. అక్కడ న్యూట్‌కు ఒక్కరోజు కూడా ఒంట్లో బాగోలేకపోవడం లేదు. మేలో పట్నం పక్కకు మారారు. కొళాయి నీళ్ళు మొదలయ్యాయి.

ట్యాంకు ఇరవై గ్యాలన్లది. రాళ్ళూ మొక్కలూ పోగా అరవై లీటర్ల నీళ్ళు పడతాయి. స్పాంజి ఫిల్టరు, పైన తేలే ఒక బెరడు ముక్క, గట్టి మూత. మూత ఎందుకంటే తడి న్యూట్ గాజుగోడ ఎక్కేస్తుంది. నీళ్ళు ప్రతి శనివారం సగం మార్చేవారు.

తెచ్చిన సమస్య

జూన్ చివర్లో వచ్చారు. శనివారం నీళ్ళు మార్చిన గంటలోపే న్యూట్ బెరడు ఎక్కి కూర్చుంటుంది, సోమవారం దాకా దిగదు. ఎప్పుడూ నీళ్ళలోనే ఉండే ప్రాణి ఒడ్డున కూర్చుందంటే నాకు అది జ్వరం నూటమూడు అని చెప్పినంత గట్టి మాట. రెండు మూడు రోజులు తిండి ముట్టదు. నెలలో నాలుగుసార్లు కుబుసం విడిచింది. కుబుసం విడవడం మామూలే, విడిచి తినేస్తుంది కూడా. కానీ ఇది పీలికలు పీలికలుగా ఊడి నీళ్ళలో తేలుతోంది. పిల్లాడు వంటింటి త్రాసు మీద బరువు చూసి రాసిపెట్టుకున్నాడు. మేలో 8.4 గ్రాములు, జూన్ చివర 7.6.

"ఆంటీ, సాటర్డే వస్తే చాలు, దానికి తెలిసిపోతుంది" అన్నాడు.

ఆ మాట నన్ను తప్పుదారి పట్టించింది. తెలిసిపోతోందంటే భయపడుతోందని అనుకున్నాను. నీళ్ళు ఎలా మారుస్తారని అడిగితే, న్యూట్‌ను వలతో పట్టి ప్లాస్టిక్ డబ్బాలో వేసి, ట్యాంకు తోమి, నీళ్ళు నింపి మళ్ళీ వదులుతామన్నారు. డబ్బాలో అది గిరగిరా తిరుగుతుందట. వల అల్లిక చర్మం మీది జిగురు పొరను గీకేస్తుంది. ఆ పొరే దాని చొక్కా, దాని మందు, కొంతవరకు దాని ఊపిరి కూడా. కనుక కారణం దొరికిందనుకున్నాను.

ఇల్లు మారాక ఏమేం మారాయని అడగకపోలేదు. "అన్నీ మారాయండీ" అన్నాడు తండ్రి. నేను నవ్వి అక్కడితో వదిలేశాను. 'అన్నీ' అన్న మాటను విడదీసి ఒక్కొక్కటే అడగాల్సింది ఆ క్షణంలోనే.

మొదటి సలహా: చేతులు పెట్టకండి

న్యూట్‌ను బయటికి తీయొద్దు, తోమొద్దు, అది లోపల ఉండగానే సన్నటి గొట్టంతో అడుగున పేరుకున్న మడ్డి లాగి, మగ్గుతో నెమ్మదిగా కొత్త నీళ్ళు పోయండి అని చెప్పాను. గదిలో దీపం తగ్గించమన్నాను.

రెండు వారాల తర్వాత కబురు: గిరగిరా తిరగడం పోయింది. బెరడు ఎక్కడం పోలేదు. సాయంత్రానికి అదే చోటు. సలహా తప్పు కాదు, ఈనాటికీ అందరికీ అదే చెబుతాను. కానీ అసలు బాధకు అది మందు కాలేదు.

రెండో సలహా: రాత్రి పట్టి ఉంచండి

ఈసారి థర్మామీటరు పెట్టించాను. ట్యాంకులో 20 డిగ్రీలు. చన్నీళ్ళ కొళాయిలో 28. టెక్సాస్ జూలైలో చన్నీళ్ళ కొళాయికి ఆ పేరు తప్ప చల్లదనం ఉండదు. ఈ న్యూట్‌కు 16 నుంచి 20 దాకా హాయి, 24 దాటితే ఇబ్బంది. సగం నీళ్ళు 28వి పోస్తే ట్యాంకు అయిదు నిమిషాల్లో 24కు చేరుతుంది. ఇదే అయి ఉంటుందనిపించింది.

దానికి తోచిన దారి సులువైనది. శుక్రవారం రాత్రే బకెట్లలో నీళ్ళు పట్టి ఏసీ గదిలో ఉంచండి, పొద్దుటికి చల్లబడతాయి. చెప్పాల్సింది ఒకటి చెప్పలేదు. అప్పటిదాకా వాళ్ళు కొళాయి నీళ్ళలో కండిషనర్ చుక్కలు, అంటే క్లోరిన్‌ను విరిచే మందు, వేస్తున్నారు. అది ఆపొద్దని నేను అనలేదు. ఆపుతారని ఊహించలేదు.

ఆపారు. ఊరి నుంచి వచ్చిన నాయనమ్మ, "రాత్రంతా పట్టి ఉంచిన నీళ్ళకు మళ్ళీ మందెందుకురా, బ్లీచింగు వాసన దానంతటదే పోతుంది" అన్నదట. ఆవిడ మాట ఆవిడ ఊరికి నూటికి నూరుపాళ్ళు నిజం. మా ఇంట్లోనూ అంతే. పంచాయతీ కొళాయి నీళ్ళు బిందెల్లో పట్టి, పొద్దున్నే వాసన పోయాక వాడుకునేవాళ్ళం. హాస్టల్లో గోల్డ్‌ఫిష్ తొట్టికి నేను చేసిందీ అదే. తండ్రి నన్ను అడిగి ఉన్నా, బహుశా నేను కూడా సరేననేదాన్ని.

ఆదివారం ఫోను

ఆదివారం పొద్దున ఏడింటికి ఫొటో వచ్చింది. న్యూట్ బెరడు మీద కూడా లేదు, మూతకు కింద గాజుగోడకు అతుక్కుని ఉంది. ఒళ్ళంతా తెల్లటి జిగురు. కాళ్ళ లోపలివైపు, పొట్ట సహజమైన ఎరుపుకు మించి కందిపోయింది.

రమ్మనడానికి ముందే ఒక పని చెప్పాను. దుకాణం నుంచి ఊటనీళ్ళ సీసా తెచ్చి, చల్లబరిచి, మూత ఉన్న వెడల్పాటి డబ్బాలో రెండు వేళ్ళ లోతు పోసి అందులో పెట్టి తీసుకురండి అని. డిస్టిల్డ్ నీళ్ళు వద్దన్నాను. వాటిలో లవణాలు ఉండవు, న్యూట్ చర్మం నీళ్ళను లోపలికి పీల్చుకుంటూ ఒంట్లోని లవణాలను బయటికి వదులుకుంటుంది. జబ్బుపడ్డ చర్మానికి ఆ భారం తట్టుకునే శక్తి ఉండదు. దారిలో తండ్రి అడిగాడు, "ఇంట్లో ఆర్వో ఉంది కదా, ఆ నీళ్ళు పోయొచ్చుగా?" అదే కారణంతో అదీ వద్దన్నాను.

బరువు 7.1 గ్రాములు. చర్మం మీద స్వాబ్ తీసి ఉభయచరాల చర్మానికి పట్టే కైట్రిడ్ బూజులు రెండింటికీ పరీక్షకు పంపాను. అందులో ఒకటి, బీసాల్ అని పిలిచేది, సాలమాండర్లను గుంపులుగా చంపగలదు. దాని భయంతోనే 2016 జనవరిలో ఈ దేశం ఇరవై ప్రజాతుల సాలమాండర్ల దిగుమతి ఆపేసింది, ఈ న్యూట్ ప్రజాతి కూడా ఆ జాబితాలో ఉంది. ఇది ఈ దేశంలోనే పుట్టింది కనుక అనుమానం తక్కువ. అయినా చర్మం ఊడుతున్న న్యూట్‌ను పరీక్ష చేయకుండా నీళ్ళ మీద నెపం వేయడం నాకు ఇష్టం లేదు. తర్వాత రెండూ లేవని తేలింది.

ఇంటి బకెట్‌లో మిగిలిన నీళ్ళు ఒక సీసాలో తెమ్మన్నాను. క్లోరిన్ స్ట్రిప్పు ముంచితే సున్నా. నాకు దిక్కుతోచలేదు. అప్పుడు మా టెక్నీషియన్ వెనకనుంచి చూసి, "అది ఫ్రీ క్లోరిన్ స్ట్రిప్పు, టోటల్ చూశారా?" అన్నాడు. అతని పెరట్లో ఈతకొలను ఉంది. కొలను ఉన్నవాళ్ళకు ఈ తేడా రోజూ పప్పూ ఉప్పూ లాంటిది. టోటల్ క్లోరిన్ స్ట్రిప్పు ముంచాం. లీటరుకు దాదాపు 3 మిల్లీగ్రాములు.

రాత్రంతా పట్టి ఉంచిన నీళ్ళలో.

అక్కడ జరిగింది ఏమిటి

మన ఊళ్ళల్లో నీళ్ళలో కలిపేది బ్లీచింగ్ పౌడరు లేదా క్లోరిన్ గ్యాసు. అది చంచలమైనది, తెరిచి ఉంచితే గాల్లో కలిసిపోతుంది. ఇక్కడ మా వైపు నీటి సంస్థలు క్లోరిన్‌కు అమోనియా జతచేసి క్లోరమీన్ అనే జంటను తయారు చేస్తాయి. వందల మైళ్ళ గొట్టాల్లో ఇళ్ళ దాకా చెదరకుండా నిలవడమే దాని ప్రయోజనం. మనిషి తాగడానికి లీటరుకు 4 మిల్లీగ్రాముల దాకా అనుమతి ఉంది, మనకు ఇబ్బంది లేదు. కానీ నిలవడం కోసమే చేసిన మందు బకెట్‌లో ఒక్క రాత్రికి పోతుందనుకోవడం మన తప్పు. రోజులు పడుతుంది. పైగా వాసన తక్కువ, కనుక ముక్కు కూడా హెచ్చరించదు. ఫ్రీ స్ట్రిప్పు విడిగా ఉన్న క్లోరిన్‌నే చూపిస్తుంది, అమోనియాతో జతకట్టినదాన్ని కూడా కలిపి చూపేది టోటల్ స్ట్రిప్పు. మొదటిది సున్నా అన్నది అందుకే.

మనం ఆ నీళ్ళను మింగి, కడుపులో కరిగించుకుంటాం. న్యూట్ వాటిలో చర్మంతో ఊపిరి పీలుస్తుంది. తేడా అదీ.

ఇంతటితో ఆదివారం సంగతి తేలింది. కానీ నన్ను ఒక చిక్కు వదల్లేదు. కండిషనర్ వేసిన శనివారాల్లో కూడా అది బెరడెక్కింది కదా? సీసా ఫొటో పంపమన్నాను. అందులో ఉన్నది సోడియం థయోసల్ఫేట్ ఒక్కటే. అది క్లోరమీన్‌లోని క్లోరిన్‌ను విరిచేస్తుంది, జతలోని అమోనియాను నీళ్ళలో వదిలేస్తుంది. లీటరుకు 3 మిల్లీగ్రాముల క్లోరమీన్ ఉంటే, విరిచాక సుమారు 0.6 మిల్లీగ్రాముల అమోనియా నైట్రోజన్ మిగులుతుంది. ఇక్కడి నీళ్ళ పీహెచ్, అంటే ఆమ్ల క్షార గుణాల కొలత, 8.2. అమోనియాలో విషపు రూపం ఎంత అన్నది పీహెచ్ చెబుతుంది. 20 డిగ్రీల దగ్గర పీహెచ్ 7.2 అయితే నూటికి ఒక పాలు కూడా ఉండదు, 8.2 అయితే దాదాపు ఆరు. వేడి పెరిగితే ఇంకా పెరుగుతుంది. అంటే నేను రెండోసారి పట్టుకున్న ఉష్ణోగ్రత కారణం పూర్తిగా తప్పు కాదు, అది అమోనియాకు తోడుదొంగ.

ఆరోగ్యంగా ఉన్న ట్యాంకులో ఆ కాస్త అమోనియాను ఫిల్టరు స్పాంజిలోని సూక్ష్మజీవులు ఒకటి రెండు రోజుల్లో తినేసి నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మార్చేయాలి. స్పాంజి ఎలా కడుగుతారని అడిగాను.

"ప్రతి శనివారం కొళాయి కింద పెట్టి తెల్లగా వచ్చేదాకా పిండుతామండీ" అన్నాడు తండ్రి, శుభ్రంగా ఉంచుతున్నామన్న గర్వంతో.

బోరు నీళ్ళలో ఎంత పిండినా కొన్ని సూక్ష్మజీవులు బతికిపోయేవి. క్లోరమీన్ నీళ్ళలో వారం వారం చచ్చిపోతున్నాయి. ట్యాంకు అమోనియా శనివారం సాయంత్రం 0.5, మంగళవారానికి 1. తగ్గాల్సింది పెరుగుతోంది.

ఉత్తుత్తి శనివారం

న్యూట్‌ను ఎనిమిది రోజులు ఊటనీళ్ళ డబ్బాలో, 18 డిగ్రీల దగ్గర, రోజూ నీళ్ళు మారుస్తూ ఉంచాం. నాలుగో రోజు జిగురు తగ్గింది, ఆరో రోజు ఒక ఎర్రపురుగు తిన్నది. ఈలోగా ట్యాంకు నీళ్ళను సరిచేయించి, అమోనియా సున్నాకు దగ్గరగా వచ్చాక తిరిగి దింపాం.

తండ్రి మాత్రం ఇంకా, "నీళ్ళే అంటారు గానీ డాక్టరు గారూ, అది చేతులకు బెదురుతోందండీ" అంటున్నాడు. నిజం చెప్పాలంటే నాకూ పావు వంతు అనుమానం మిగిలే ఉంది. నీళ్ళు మార్చడమంటే ఒక్క పని కాదు. చెయ్యి, గొట్టం, చప్పుడు, మట్టం తగ్గడం, కొత్త నీళ్ళు, వాటి వేడి, వాటిలోని మందు అన్నీ ఒకే గంటలో మీద పడతాయి. వీటిలో నీళ్ళను ఒక్కదాన్నే పక్కకు తీసి చూడడం ఎలా?

అందుకని ఒక శనివారం తీసిన నీళ్ళనే తిరిగి పోయమన్నాను. అదే గంటకు, అదే మనిషి, అదే గొట్టంతో ముప్ఫై లీటర్లు శుభ్రమైన బకెట్లలోకి తీసి, గంట ఆగి, అదే మగ్గుతో అవే నీళ్ళు తిరిగి పోయాలి. స్పాంజి ముట్టుకోకూడదు. బెదురే కారణమైతే న్యూట్ బెరడెక్కాలి. నీళ్ళే కారణమైతే ఎక్కకూడదు.

పది నిమిషాలు ఆకుల కింద దాక్కుంది. తర్వాత బయటికొచ్చి, పోస్తున్న మగ్గు ధార కిందికే ఈదింది. రాత్రి ఎనిమిదింటికి తిన్నది. మరుసటి శనివారం ఇంకోసారి చేయించాను, అదే జరిగింది. పోల్చి చూడడానికి ఒక 'అసలు' శనివారం కూడా కావాలి కదా అని పిల్లాడు అడిగాడు. తెలివైన ప్రశ్న. కానీ చెడ్డ శనివారాలు వాడి నోట్‌బుక్‌లో ఎనిమిదో తొమ్మిదో ఉన్నాయి. తెలిసి మళ్ళీ ఒకటి దాని మీద పెట్టడానికి నాకు మనసు రాలేదు.

ఈ పరీక్షకు పైసా ఖర్చు లేదు. మొదటి రోజే చేయించి ఉంటే ఆ ఆదివారం వచ్చేది కాదు.

కుదిరిన పద్ధతి

ముందు స్పాంజి. కోలుకోవడానికి దానికి వారాలు పడుతుంది. మా క్లినిక్ ట్యాంకులోంచి పాత స్పాంజి ముక్క ఇస్తే పని తొందరగా అయ్యేది, చెయ్యి దాకా వచ్చింది కూడా. ఇవ్వలేదు. జబ్బు ఉభయచరాలు వచ్చిపోయే చోటి స్పాంజితో మేలు చేసే జీవులతో పాటు కైట్రిడో, ఉభయచరాలను చంపే రానావైరసో కూడా వెళ్ళొచ్చు. ఆలస్యమైతే ఆలస్యం. అయిదు వారాలు పట్టింది. అప్పటిదాకా రోజుకు ఆరేసి లీటర్లు మార్చారు, అమోనియాను కూడా పట్టి ఉంచే కండిషనర్ వేసి. ఆ మందు అమోనియాను ఒకటి రెండు రోజులే పట్టి ఉంచుతుంది, ఆలోపు తినేవాళ్ళు ఫిల్టర్లో ఉండాలి. అందుకే మందు ఉన్నా స్పాంజి ముఖ్యం. ఇప్పుడు స్పాంజిని నెలకొకసారి, ట్యాంకులోంచి తీసిన పాత నీళ్ళలోనే రెండుసార్లు మెల్లగా పిండుతున్నారు. గోధుమరంగుగా ఉండడమే దాని ఆరోగ్యం అని తండ్రికి ఒప్పించడానికి నాకు రెండు ఫోన్లు పట్టాయి.

స్థిరపడ్డాక వారానికి రెండుసార్లు, ఒక్కోసారి తొమ్మిది లీటర్లు. కండిషనర్ బకెట్‌లోనే వేసి కలిపి, టోటల్ క్లోరిన్ స్ట్రిప్పు సున్నా చూపించాకే ట్యాంకు దగ్గరికి తీసుకెళ్ళడం. రాత్రి ఏసీ గదిలో ఉంచడం మానలేదు, అది చల్లదనం కోసం. ట్యాంకుకూ బకెట్‌కూ తేడా రెండు డిగ్రీలు మించకూడదు. వేడి ఎక్కువైతే గడ్డకట్టిన నీళ్ళ సీసా బకెట్‌లో వేస్తారు, ట్యాంకులో కాదు. పోయడం మగ్గుతో కాకుండా ట్యాంకులోకి గాలి పంపే సన్నటి ఎయిర్‌లైన్ గొట్టంతో, చివర ముడివేసి, సన్నటి ధారగా. అరగంట పడుతుంది. ఆ అరగంటా పిల్లాడు ట్యాంకు పక్కన కూర్చుని హోంవర్క్ చేసుకుంటాడు. తీసిన నీళ్ళు వీధి కాలువలోకి కాకుండా ఇంట్లో సింకులోకే పోతాయి.

అక్టోబరుకు బరువు 8.6. కుబుసం నెలకు ఒకటో రెండో, ముక్కలు కాకుండా చొక్కా విప్పినట్టు ఒక్కటిగా. నీళ్ళు మార్చిన రోజు సాయంత్రం మాత్రం ఈనాటికీ తిండి ముట్టదు. ఎందుకో నాకు తెలియదు. బరువు తగ్గడం లేదు కనుక ఆ ఒక్క పూట ఉపవాసం దాని ఇష్టానికి వదిలేశాం.

నా పద్ధతిలో మారినవి మూడు. ఉభయచరంతో ఎవరొచ్చినా నీళ్ళు ఎక్కడివి, వాటిలో క్లోరినా క్లోరమీనా అని జబ్బు వినకముందే అడుగుతున్నాను. రెండు స్ట్రిప్పులూ ముంచి చూస్తున్నాను, ఫ్రీ సున్నా అన్నంత మాత్రాన వదలడం లేదు. ఒక సలహా ఇచ్చేటప్పుడు, ఇప్పటిదాకా చేస్తున్నవాటిలో ఏవి ఆపకూడదో కూడా కాగితం మీద రాసిస్తున్నాను. నాయనమ్మ మాట పట్టుకుని తండ్రి మందు ఆపినందుకు ఆ కుటుంబాన్ని అనడానికేమీ లేదు. నేను చెప్పకుండా వదిలిన చోట ఆవిడ తనకు తెలిసినది పెట్టింది.

మార్చి

మా వైపు కొన్ని నీటి సంస్థలు ఏటా వసంతంలో ఓ నెలపాటు అమోనియా కలపడం ఆపి వట్టి క్లోరిన్ వదులుతాయి, గొట్టాల లోపలి పాచి కడగడానికి. ఆ నెల కొళాయి తిప్పితే చాలు ఈతకొలను వాసన. తండ్రి కంగారుపడి ఫోను చేశాడు. ఫ్రీ స్ట్రిప్పు మొదటిసారి రంగు మారిందట. అదే కండిషనర్, అదే కొలత, స్ట్రిప్పు సున్నాకు వచ్చాకే పోయండి అన్నాను. న్యూట్ కిందే ఉంది, బెరడు జోలికి పోలేదు.

నాయనమ్మ అప్పటికి ఊరెళ్ళిపోయింది. వీడియో కాల్‌లో మనవడు వాసన సంగతి చెబితే, "మరి ఇప్పుడు రాత్రి పట్టి ఉంచితే పోతుందా, పోదా? మీ డాక్టరమ్మనడుగు" అన్నదట.

చాలావరకు పోతుందని చెప్పమన్నాను. ఆ ఒక్క నెలా ఆవిడదే రైటు.